కొలవకముందే కొసరు పెడితే ఎలా తమ్ముడూ?

ప్రశ్న: అక్కా, నాది భీమవరం దగ్గర పల్లెటూరు. టౌన్లో మేడ మీద చిన్న టాటూ షాపు పెట్టి నాలుగేళ్లయిందండి. అంగుళానికి 400 తీసుకుంటాను. సంక్రాంతి నెలంతా ఊపిరాడదు, ఆషాఢం వచ్చి వానలు పట్టాయంటే ఈగలు తోలుకోవడమే. పోయినేడాది ఈఎంఐలో ఐప్యాడ్ కొన్నాను, ప్రోక్రియేట్ అనే బొమ్మలు గీసే యాప్‌లో గీస్తాను. కస్టమర్లు డిజైన్ వాట్సాప్‌లో పంపమంటారు, పంపితే అది పట్టుకెళ్లి ఇంకోచోట తక్కువకి వేయించుకుంటున్నారు. సరేలే, పై ఆదాయం ఉంటుందని ఫ్రెండ్స్ అంటే 30 డిజైన్లు ఒక ప్యాక్ చేసి 49 రూపాయలకి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. రెండు నెలల్లో 7 పోయాయి. మొన్న హైదరాబాద్ నుంచి ఒకాయన ఆ ప్యాక్ మీద 'ఫుల్ రైట్స్' కావాలి, ఎంత అన్నాడు. కంగారులో 500 అనేశాను. ఆయన క్షణంలో ఓకే అన్నాడు. ఇంకా డబ్బు తీసుకోలేదు గానీ అప్పట్నుంచి నిద్ర పట్టట్లేదండి. మా అన్నయ్యేమో 'డబ్బులిచ్చేది సూదికిరా, బొమ్మకెవడిస్తాడు' అంటాడు. 49 ఎక్కువా, తక్కువా? అసలు వీటికి రేటు ఎలా కట్టాలి?

సమాధానం: తమ్ముడూ, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ హైదరాబాద్ ఆయనకి ఈ పూటే మెసేజ్ పెట్టు. నువ్వు డబ్బు తీసుకోలేదు, దేని మీదా సంతకం పెట్టలేదు, కాబట్టి ఇంకా ఏదీ చెయ్యి జారలేదు. మన 1957 కాపీరైట్ చట్టంలో 19వ సెక్షన్ చూస్తే, గీసినవాడి దగ్గర్నుంచి హక్కు ఇంకొకరికి వెళ్లాలంటే రాసుకోవాలి, ఇచ్చేవాడి సంతకం ఉండాలి. చాట్‌లో ఓకే అనుకున్నంత మాత్రాన రాసిచ్చినట్టు కాదు. అబద్ధాలేం చెప్పక్కర్లేదు, ఉన్నమాటే రాయి: 'అండీ, హక్కులంటే ఏమేం వస్తాయో ఆలోచించకుండా 500 అనేశానండి, ఆ రేటుకి ఇవ్వలేనండి. ఈ బొమ్మలు మీరు దేనికి వాడతారో, ఎన్నాళ్లకి కావాలో చెబితే లెక్క వేసి చెబుతానండి.' అంతే. ఆయన కోప్పడితే కోప్పడనీ. చెప్పిన రేటుకి ఎదుటివాడు బేరమాడకుండా ఒప్పుకున్నాడంటే ఎవరి జేబుకి చిల్లు పడిందో భీమవరం వాడివి, నీకు నేను చెప్పాలా?

ఇక అసలు సంగతి. నువ్వు అడిగింది 49 గురించి. నాకు ఉత్తరంలో అంతకంటే ముందు కనిపించింది వేరే వాక్యం, 'పంపితే అది పట్టుకెళ్లి ఇంకోచోట వేయించుకుంటున్నారు' అన్నది. దాన్ని నువ్వు మామూలు గోడులా చెప్పేసి కింద ప్యాక్ దగ్గరికి వెళ్లిపోయావు. నీ డిజిటల్ సరుకు ఆ ప్యాక్ కాదు నాయనా, రోజూ వాట్సాప్‌లో ఊరికే పంపుతున్నావే, అదీ!

నాకెలా తెలుసంటే, నేను పన్నెండేళ్లు తణుకులో డీటీపీ సెంటర్ నడిపాను. పేజ్‌మేకర్, అను ఫాంట్లు, శుభలేఖలు, కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు. ఒకాయన కూతురి పెళ్లి కార్డుకని వచ్చి నాలుగుసార్లు ప్రూఫ్ తీయించుకున్నాడు. వినాయకుడు పెద్దగా ఉండాలన్నాడు, తర్వాత చిన్నగా ఉండాలన్నాడు, మేనమామ పేరు పైకి జరపమన్నాడు. చివరి ప్రూఫ్ 'ఇంట్లో చూపించి తెస్తా'నని పట్టుకెళ్లాడు. వారం తర్వాత కార్డుతో వచ్చాడు, నన్ను పెళ్లికి పిలవడానికి. నా డిజైనే, వేరే ఊళ్లో ప్రెస్సులో వేయించాడు, నేను చేసిన అచ్చుతప్పుతో సహా. పెళ్లికి వెళ్లాను, భోజనం మాత్రం బ్రహ్మాండం. వచ్చాక గోడకి కాగితం అంటించాను: 'ప్రూఫ్‌కి 200. కార్డులు ఇక్కడే వేయిస్తే బిల్లులో తీసేస్తాం.' ఆ నెల్లో కొందరు మెట్లెక్కి చదివి దిగిపోయారు. దిగిపోయినవాళ్లంతా అంతకుముందు ఊరికే తీయించుకుని వెళ్లినవాళ్లేనని నాకు నెమ్మదిగా తెలిసింది.

మా అమ్మమ్మ మోచేతి కింద పచ్చబొట్టు ఉండేది, తులసికోట, చుట్టూ చుక్కలు. ఊళ్లోకి పచ్చబొట్లు పొడిచే ఆవిడ వస్తే బియ్యం కొలిచిచ్చి పొడిపించుకుందట. బియ్యం ఒళ్లో పోసుకున్నాక, పిల్ల ఏడవకుండా కూర్చుందని ఆవిడ మెచ్చుకుని గడ్డం మీద ఒక చుక్క కొసరుగా పెట్టింది. ఎనభై ఏళ్లొచ్చినా అమ్మమ్మ ఆ చుక్క గురించే చెప్పుకునేది, తులసికోట గురించి కాదు. ఇక్కడ చూడాల్సింది ఏంటంటే, కొసరు పడింది కొలత అయ్యాక. నువ్వు చేస్తున్నది కొలవకముందే కొసరు పెట్టడం, అదీ మూడు గంటల పని కొసరుగా పెట్టడం. కొన్నవాడికి ఇస్తే దాన్ని కొసరు అంటారు. కొనని వాడికి ఇస్తే ఏమంటారో నీకే తెలుసు.

సరే, లెక్కలోకి వద్దాం. సూదులు, ఇంకు, గ్లవ్స్, షాపు అద్దె పోను కుర్చీలో కూర్చుని పనిచేస్తే గంటకి నీకు 500 మిగులుతుందనుకుందాం, నీ అంకె వేరేగా ఉంటే అదే వేసుకో. ఒక కస్టమ్ డిజైన్‌కి గీయడానికి మూడు గంటలు, 'ఆ రెక్క కొంచెం ఇటు తిప్పు బ్రో' లాంటి మార్పులకి ఇంకో గంట. నాలుగు గంటలు, అంటే 2,000. నెలకి ఐదుగురు అలా తీసుకుని ఉడాయిస్తే 10,000. నీ ఐప్యాడ్ ఈఎంఐ అంతకంటే తక్కువే ఉంటుంది.

కాబట్టి మొదటి పని డిజైన్ ఫీజు. నేనైతే 1,000 పెడతాను, అంటే సగం పనికి. మొత్తం 2,000 ముందే అడిగితే భయపడిపోతారు, 200 అడిగితే పోతే పోనీలే అని డిజైన్ పట్టుకుని పోతారు. వాళ్లు వదులుకోవడానికి మనసొప్పని మొత్తం కావాలి నీకు. టాటూ నీ దగ్గర వేయించుకుంటే ఆ వెయ్యీ బిల్లులో తీసెయ్. ఎన్నాళ్లలోపు అన్నది కూడా చెప్పాలి, రెండు నెలలు పెట్టు, లేకపోతే మూడేళ్ల తర్వాత వచ్చి 'అప్పుడు వెయ్యి ఇచ్చాను కదా' అంటారు. మార్పులు రెండుసార్లు ఫ్రీ, మూడోసారి నుంచి 200. ఈ మూడో మాట పెట్టగానే జనానికి ఒక్కసారిగా స్పష్టత వచ్చేస్తుంది, తమాషాగా ఉంటుంది చూడు.

డిజైన్ షాపులో చూపించు, ఐప్యాడ్ మీద. దూరం వాళ్లయితే అడ్డంగా నీ పేరు వేసిన చిన్న బొమ్మ పంపు, దాంతో స్టెన్సిల్, అదే చర్మం మీద గీతలు దించుకునే అచ్చు, తీయలేనంత చిన్నది. అసలు ఫైలే కావాలి, వేరేచోట వేయించుకుంటాను అన్నవాడితో పోట్లాడకు, వాడూ కస్టమరే. 'ఆయ్, ఫైలుగా అయితే 2,000 అండి, ఒక్కసారి వేయించుకోవడానికండి' అను. నీ నాలుగు గంటలు నీకు వచ్చేశాయి, ఇక సూది ఎవడు పట్టుకుంటే నీకెందుకు?

ఒక మెలిక ఉంది, ఇది చాలామందికి తెలియదు. ఎవరైనా డబ్బిచ్చి అడిగి గీయించుకున్న పెయింటింగ్ గానీ పోర్ట్రెయిట్ గానీ అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు గీయించుకున్నవాళ్లదే అని అదే చట్టం 17వ సెక్షన్ చెబుతుంది. అంటే నువ్వు డిజైన్ ఫీజు తీసుకోవడం మొదలుపెట్టావంటే, రసీదులో 'డిజైన్ మీద హక్కు ఆర్టిస్టుదే, కస్టమర్‌కి ఒకసారి వేయించుకునే అనుమతి' అని ఒక వాక్యం ఉండి తీరాలి. వాళ్లమ్మ ఫొటో చూసి గీసిన బొమ్మనైతే ఆ వాక్యం ఉన్నా సరే ప్యాక్‌లో పెట్టకు. చట్టం సంగతి అటుంచు, ఒకరి అమ్మని ఇంకొకరి చేతి మీద వేస్తావా?

ఇప్పుడు నీ 49. ఆ 30 డిజైన్లకి ఒక్కోదానికి రెండు గంటలు వేసుకున్నా 60 గంటలు, అంటే 30,000 రూపాయల పని. 49 చొప్పున అది తిరిగి రావాలంటే 613 మంది కొనాలి. నీకు 7 అయ్యాయి, 343 రూపాయలు. 49 ఎక్కువా తక్కువా అన్నావు, అది రెండూ కాదు, ఎవరి కోసమో తెలియకుండా పెట్టిన రేటు. ఇన్‌స్టాగ్రామ్‌లో వేలకి వేలు డిజైన్లు 99కే అని ప్రకటనలు వస్తుంటాయి, సగం ఎక్కడెక్కడివో పోగేసినవి, ఇంకొన్ని ఏఐతో చేయించినవి, వేళ్లు లెక్కపెడితే ఆరుంటాయి. వాళ్లతో రేటులో పోటీ పడతావా? పడలేవు, పడకూడదు.

మీ ఊళ్లో రొయ్యల రేటు ఎలా కడతారు? కౌంట్ మీద. కిలోకి 30 తూగే రొయ్యకి ఒక రేటు, 100 తూగేదానికి ఇంకో రేటు, కౌంట్ తగ్గేకొద్దీ రేటు పెరుగుతుంది. చెరువు అదే, మేత అదే, రేటు వేరు. డిజైన్‌కీ అదే కౌంట్ పెట్టు. ఒక బొమ్మ ఎంతమంది వంటి మీదకి వెళ్లొచ్చు అన్నదే దాని కౌంట్. ఎంతమందైనా కొనుక్కుని ఎవరికి వాళ్లు ఒకసారి వేయించుకునేది 100 కౌంట్ సరుకు, బొమ్మకి 200 నుంచి 300. ఇంకో టాటూ ఆర్టిస్టు కొని తన షాపుకొచ్చిన వాళ్లకి వేసుకుని సంపాదించుకునేది వేరే సరుకు, అతను ఒక్క కస్టమర్‌తో నీకిచ్చింది రాబట్టుకుంటాడు, మొత్తం ప్యాక్ 1,499 పెట్టు, దాదాపు 20 మంది ఆర్టిస్టులు కొంటే నీ 60 గంటలు వచ్చేస్తాయి. 613 మందిని వెతకడం ఎక్కడ, మన రెండు రాష్ట్రాల్లో 20 మంది టాటూ వాళ్లని వెతకడం ఎక్కడ? పేర్లు నీకు ఇప్పటికే తెలిసుంటాయి, సగం మంది నిన్ను ఫాలో అవుతూనే ఉంటారు. వాళ్లకి రాసివ్వాల్సింది రెండే మాటలు: మీ షాపులో ఎంతమందికైనా వేసుకోవచ్చు, ఫైలుని మళ్లీ అమ్మడం, టీషర్టుల మీద అచ్చేయడం కుదరదు.

ఇంకెవరికీ ఇవ్వకూడదు, నువ్వూ వేయకూడదు, అమ్మకం నుంచి తీసెయ్ అంటే, అది ఒక్కటంటే ఒక్కటే కౌంట్. హైదరాబాద్ ఆయన అడిగింది అదీ, 30 బొమ్మలకి. నీ 30,000 పని, పైగా ఇకముందు వాటి మీద వచ్చే ప్రతి రూపాయీ వదులుకోవడం. నేనైతే 60,000 దగ్గర మొదలుపెడతాను. ఆయన నవ్వి వెళ్లిపోతే బొమ్మలు నీ దగ్గరే ఉంటాయి, నష్టమేముంది? నిజంగా కావాలంటే ఐదారు బొమ్మలు ఎంచుకుని వస్తాడు. రాసుకునేటప్పుడు ఎన్నేళ్లకి, ఏ ప్రాంతంలో, దేనికి అన్నవి మూడూ రాయించు. ఏళ్లు రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లు అనుకుంటుంది, ప్రాంతం రాయకపోతే ఇండియా అనుకుంటుంది. 'ఫుల్ రైట్స్' అని గాలిలో మాట్లాడేవాళ్లకి ఈ సంగతి చెబితే ఒక్కసారి గొంతు మారుతుంది.

ఇంతవరకూ నీ దగ్గరున్న సరుకు మాట. నన్నడిగితే నువ్వు చేయాల్సిన సరుకు ఇంకోటుంది, తెలుగు అక్షరాలు. సింహాలు, గులాబీలు, గడియారాలు ప్రపంచమంతా గీస్తారు. 'లక్ష్మి' అని తప్పు లేకుండా ఎంతమంది రాస్తారు? క కింద ష, దాని కింద మ, పైన గుడి, ఇవన్నీ అంగుళం జాగాలో. తెలుగు టైపింగ్ సెట్టింగులు సరిగా లేని సాఫ్ట్‌వేర్‌లో పేరు పేస్ట్ చేస్తే ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి, పాత ఫొటోషాప్‌లలో కూడా ఆ సెట్టింగు మార్చకపోతే అంతే. తెలుగు చదవడం రాని ఆర్టిస్టు దాన్నలాగే స్టెన్సిల్ తీసి పొడిచేస్తాడు. మనూళ్ల పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో ఎంతమంది లేరు? అమ్మ పేరు తెలుగులో వేయించుకోవాలని ఉంటుంది, అక్కడ సూది పట్టుకున్నవాడికి తెలుగు రాదు, వీళ్లకి గీయడం రాదు. ఆ మధ్యలో నువ్వున్నావు.

అలాంటి వాళ్లకి నువ్వు అమ్మేది బొమ్మ కాదు, తప్పు పడదన్న ధైర్యం. దాని రేటు దానికుంటుంది. ఒక పేరు, మూడు రకాల రాతలో, రెండు మూడు సైజుల్లో అసలు కొలతకి పీడీఎఫ్, వెనక ఏమీ లేని పీఎన్‌జీ, ఒట్టి గీతలతో స్టెన్సిల్, ఏది పైవైపో చూపిస్తూ ఒక బాణం. ఆ బాణం సంగతి నవ్వకు, తెలుగు రానివాడికి మన అక్షరాలు తలకిందులైనా తేడా తెలియదు. ఇంకో కాగితంలో, ఏళ్లు గడిచేకొద్దీ చర్మంలో ఇంకు కొంచెం పరుచుకుంటుందనీ, మన గుండ్రాల్లో చిన్న కన్నాలు మూసుకుపోతాయనీ, అందుకే ఈ పేరు ఇంతకంటే చిన్నగా వేయొద్దనీ రాయి. 'రాము'కీ 'లక్ష్మి'కీ ఒకే ఎత్తు చాలదని నీ చేతికి తెలుసు, డాలస్ ఆర్టిస్టుకి తెలియదు. ఇక్కడివాళ్లకి 500, అక్కడివాళ్లకి 25 డాలర్లు. రెండు రేట్లు మోసం కాదా అని నీకు అనిపిస్తుంది, నాకు తెలుసు నీ రకం. ఇక్కడివాడు షాపుకొచ్చి నీ ముందు కూర్చుంటాడు, తప్పుంటే చూపిస్తాడు. అక్కడివాడికి ఆ ఫైలే అన్నీ మాట్లాడాలి. పని ఎక్కువ, రేటు ఎక్కువ.

పేరు మాత్రం వాళ్ల చేతే రాయించుకో, కాగితం మీద రాసి ఫొటో తీసి పంపమను, నువ్వు గీశాక 'ఇదే కరెక్ట్' అని మెసేజ్ పెట్టించుకో. జ్ఞానేశ్వరికి జ్ఞ రాయడం రాక గ్న రాసేవాళ్లున్నారు. శుభలేఖల మీద పన్నెండేళ్లు పడ్డ బాధతో చెబుతున్నాను, సంతకం పెట్టిన ప్రూఫ్ లేకపోతే ప్రతి తప్పూ నీదే.

ఫాంట్లు వాడితే ఒక జాగ్రత్త. నేను డీటీపీలో వాడిన అను ఫాంట్లు డబ్బిచ్చి కొనాల్సినవి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, ధూర్జటి, గురజాడ, మండలి లాంటివి ఓపెన్ లైసెన్సువి, వాటితో చేసిన డిజైన్ అమ్ముకోవచ్చు, ఆ ఫాంట్‌నే విడిగా అమ్మకూడదు. అయినా ఫాంట్ ఎలా ఉందో అలా అమ్మితే ఎవరైనా చేసుకుంటారు, దాని మీద నీ చెయ్యి పడాలి, తలకట్టు సాగదీయడం, ఒత్తుని తీగలా అల్లడం, అదే కదా నీ పని.

తీగ అంటే గుర్తొచ్చింది, నరసాపురం నీకు గంట దూరం కూడా ఉండదు. అక్కడి లేసు అల్లికకి 2024లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ప్రాంతం సరుకే అన్న ప్రభుత్వ ముద్ర, వచ్చింది. ఆ పూలు, వలలు, అంచులు చూశావా, సన్నగీతల టాటూకి చేసినట్టే ఉంటాయి, మణికట్టు చుట్టూ, చీలమండ చుట్టూ. అలాంటి పది పట్టీల ప్యాక్ ఒకటి చెయ్యి, ఏఐతో చేయించిన ఏ ప్యాకూ అది ఇవ్వలేదు. ఒకావిడ అల్లిన నమూనా చూసి ఉన్నదున్నట్టు గీస్తే మాత్రం ఆవిడకి డబ్బిచ్చి గీయి. నీ బొమ్మ ఊరికే పట్టుకెళ్తున్నారని ఏడుస్తూ నాకు రాసినవాడివి, ఆవిడ దగ్గర నువ్వూ అదే చేయకూడదు.

హీరోల సంగతి నువ్వు అడగలేదు గానీ భీమవరం కదా, అడగకపోయినా వస్తుంది. అభిమాని వచ్చి గుండె మీద హీరో ముఖం వేయమంటే అది నీకూ అతనికీ మధ్య. ఆ ముఖాన్ని ఫైలు చేసి అమ్మకానికి పెట్టడం వేరు. సినిమా పోస్టర్ మీద హక్కు నిర్మాతలది, ముఖం మీద హక్కు ఆ మనిషిది. అమితాబ్ బచ్చన్ 2022లో, అనిల్ కపూర్ 2023లో తమ పేరు, ముఖం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకూడదని ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ప్యాక్‌లో అలాంటివి ఉంటే ఈ రాత్రే తీసెయ్.

టాటూ వేయించుకున్నాక ఎలా చూసుకోవాలో తెలుగులో రాసిన పీడీఎఫ్‌కి రేటు పెట్టకు. పెట్టాలనిపిస్తుంది, చాలామంది పెడతారు కూడా. అది ఆరోగ్యం, అందరికీ ఇవ్వాల్సిందే, అదే నీ నిజమైన కొసరు. దాన్ని మనూరి భాషలో రాయి: పుండు మానేదాకా కాలవలో ఈత వద్దు, రొయ్యల చెరువులో దిగొద్దు, గోకొద్దు, ఎండలో తిప్పొద్దు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, అప్పుడు గోదారి బొమ్మలు అడిగేవాళ్లు బారులు తీరతారు, పచ్చి టాటూతో నదిలో మునగొద్దనీ, స్నానం చేయాలనుకుంటే కనీసం నెల ముందే వేయించుకోమనీ అందులో రాస్తే జనానికి మేలు, నీకు ముందస్తు బుకింగులు.

ప్రోక్రియేట్‌లో నువ్వు చేసుకున్న బ్రష్‌ల సెట్లు అమ్మొచ్చు, 199 పెట్టి వదిలెయ్, దాని మీద ఎక్కువ ఆలోచించకు. నెలనెలా చందా కట్టించుకోవడం వద్దు, ప్రతి నెలా కొత్త బొమ్మలివ్వాలి, సంక్రాంతి నెల్లో నీకు అన్నం తినే టైమే ఉండదు.

వీడియో కాల్ మాత్రం ఆలోచించదగ్గది. కువైట్ నుంచీ దుబాయ్ నుంచీ సెలవు మీద వచ్చేవాళ్లు, హైదరాబాద్ నుంచి పండక్కి వచ్చేవాళ్లు ఉన్నవే నాలుగు రోజులు, ఆ నాలుగు రోజుల్లో కోడిపందాలు చూడాలి, అత్తారింటికి వెళ్లాలి, వాళ్లకి డిజైన్ గురించి కూర్చుని మాట్లాడే తీరిక ఉండదు. కార్తీకంలోనే అరగంట వీడియో కాల్, డిజైన్, పండగ వారంలో ఒక టైము ఖాయం, అన్నీ కలిపి 1,500, టాటూ బిల్లులో వెయ్యి తీసేస్తావు. నీ ఖాళీ నెలల పనికి అప్పుడే డబ్బొస్తుంది, పండక్కి నేరుగా సూది పట్టుకోవచ్చు. ఆ కాల్‌లో కుర్రాళ్లని ఆర్మీకి వెళ్లే ఆలోచన ఉందా అని తప్పకుండా అడుగు, సైన్యంలో టాటూ ఏ చోట ఉండొచ్చో ఉండకూడదో నిబంధనలున్నాయి. సైన్యంలో చేరేవాళ్లకి పేరుపడ్డ మిలిటరీ మాధవరం మీ జిల్లాలోనే ఉంది మరి.

డబ్బు వసూలు గురించి. ఇక్కడివాళ్ల దగ్గర యూపీఐ చాలు, డబ్బు పడ్డాక లింకు పంపు. ఫైలు వాట్సాప్‌లో ఫొటోలా పంపకు, నాణ్యత పోతుంది, డాక్యుమెంట్‌గా పంపు. డాలర్లకైతే గమ్‌రోడ్ లాంటి, ఫైళ్లు అమ్మిపెట్టే సైట్లు ఉన్నాయి, అది అమ్మకానికి 10 శాతం, దాని మీద 50 సెంట్లు తీసుకుంటుంది, కార్డు ఖర్చులు విడిగా ఉండొచ్చు. 5 డాలర్లకి పెడితే అందులో డాలరు వాళ్లకే, అంటే ఐదో వంతు. 25కి పెడితే 3 డాలర్లు, ఎనిమిదో వంతు కంటే తక్కువ. అందుకే డాలర్లలో చిల్లర రేట్లు పెట్టకు, మూడు నాలుగు కలిపి ఒక కట్టగా పెట్టు. ఈ డబ్బుకి వేరే ఖాతా తెరువు. షాపు, ఫైళ్లు కలిపి ఏడాదికి 20 లక్షలు దాటేదాకా సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ సాధారణంగా అక్కర్లేదు, అయినా విదేశీ డబ్బు వస్తోందంటే ఒకసారి ఆడిటర్‌కి చూపించు.

మీ అన్నయ్య మాట మీద ఒక్కటి. డబ్బు సూదికే అయితే, నీ బొమ్మ పట్టుకుని వేరే షాపుకి ఎందుకు వెళ్తున్నారు? అక్కడా సూది ఉందిగా, బొమ్మే లేదు. ఈ మాట ఆయనతో గట్టిగా అనకు, పెద్దవాడు, అన్నం తినేటప్పుడు నెమ్మదిగా అను.

ఆ 49కి కొన్న ఏడుగురికీ ఇవాళే ఒక మెసేజ్ పెట్టు, 'మీరు పాత రేటుకి కొన్నారు, మీది మీదేనండి, సొంతానికి వేయించుకోవడానికండి' అని. వాళ్లలో టాటూ వేసేవాళ్లు ఎవరైనా ఉంటే తిరిగి జవాబిస్తారు, వాళ్లే నీ 1,499 ప్యాక్‌కి మొదటి కస్టమర్లు.

మా అమ్మమ్మ పేరు జ్ఞానప్రసూనాంబ. అంత పేరు నా మణికట్టు మీద పడుతుందో లేదో, తులసికోట కూడా పెడితే డిజైన్ ఫీజు ఎంతో చెప్పు. తగ్గించి చెప్పావంటే ఇంత రాసినందుకు నా టైము దండగ.